కత్తిరించిన ఫోటో

1928 ఆగస్టు 19, ఆదివారం. లండన్‌లో 'సండే ఎక్స్‌ప్రెస్' పత్రిక ఒక నవల మీద విరుచుకుపడింది. దాన్ని నిషేధించి తీరాలని సంపాదకుడు జేమ్స్ డగ్లస్ పట్టుబట్టాడు. నవల పేరు 'ది వెల్ ఆఫ్ లోన్లీనెస్'. రాసినావిడ రాడ్‌క్లిఫ్ హాల్. స్త్రీని ప్రేమించిన స్త్రీ కథని తప్పుపట్టకుండా చెప్పడమే ఆవిడ చేసిన నేరం. ఆ రాతతో పాటు రచయిత్రి ఫోటో కూడా వేశారు. పొట్టి జుట్టు, సిల్కు కోటు, మెడకు బో టై. అసలు ఫోటోలో ఆవిడ మోకాళ్ళ దాకా వచ్చే స్కర్టు వేసుకుని ఉంది. అచ్చు వేసేటప్పుడు పత్రికవాళ్ళు బొమ్మని బాగా దగ్గరికి కత్తిరించేశారు. దాంతో ఆవిడ వేసుకున్నది స్కర్టో ప్యాంటో చూసేవాళ్ళకి తెలియకుండా పోయింది.

ఈ చిన్న కత్తిరింపు మీద చరిత్రకారిణి లారా డోన్ చాలా పని చేసింది. ఆమె చూపించిన సంగతి ఇప్పటి మనకి వింతగానే ఉంటుంది. 1928కి ముందు పదేళ్ళలో ఇంగ్లండులో పొట్టి జుట్టు, టై, మగ కుట్టు కోటు లెస్బియన్ల గుర్తులు కావు. అవి ఫ్యాషన్. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక పెద్దింటి ఆడపిల్లలు చాలామంది జుట్టు కత్తిరించుకున్నారు. పొట్టి స్కర్టు మీద మగ కోటు వేసుకోవడం గురించి ఫ్యాషన్ పత్రికలు పేజీలకి పేజీలు రాశాయి. ఆ గుంపులో హాల్ లాంటి కొందరు ఆ వేషాన్ని సంకేతంగా వాడుకునేవాళ్ళు. అది చదవడం తెలిసినవాళ్ళు మాత్రం బహు కొద్దిమంది. మిగతావాళ్ళకి అదొక కొత్త మోజు, అంతే.

నవంబరు 16న మేజిస్ట్రేటు చార్ట్రెస్ బైరన్ పుస్తకం అశ్లీలమని తేల్చాడు, ప్రతులు ధ్వంసం చెయ్యమన్నాడు. నవలని చదవలేకపోయిన జనానికి బొమ్మ మాత్రం మిగిలింది. అప్పటిదాకా ఫ్యాషన్‌గా చెల్లిపోయిన క్రాపు ఒక్కసారిగా అనుమానాస్పదమైంది. టై కట్టుకున్న ప్రతి స్త్రీనీ జనం మరోలా చూడటం మొదలుపెట్టారు.

అయితే మగ పోలికలున్న లెస్బియన్ అనే ఊహ పత్రికవాళ్ళు పుట్టించింది కాదు, వైద్యులు అప్పటికే రాసి పెట్టారు. 1886లో జర్మన్ భాషలో క్రాఫ్ట్-ఎబింగ్, 1897లో ఇంగ్లీషులో హేవ్‌లాక్ ఎల్లిస్ ఈ కోవలో పెద్ద పుస్తకాలు వేశారు. స్త్రీ స్త్రీని కోరుకుంటోందంటే ఆమెలో ఎక్కడో మగతనం ఉండే తీరాలన్నది వాళ్ళ లెక్క. స్త్రీని కోరేది మగవాడే కదా అన్న నమ్మకాన్నే శాస్త్రంగా తిప్పి రాశారు. కానీ లెక్కలో ఒక చిక్కొచ్చింది. ఆ మగ పోలిక స్త్రీని తిరిగి ప్రేమించే రెండో ఆవిడ మాటేమిటి? ఆవిడ చీనీ చీనాంబరాలు కట్టుకుని, జడ వేసుకుని, అచ్చం పక్కింటి కోడలిలా ఉందే! ఎల్లిస్ ఆమెని అసలైన బాపతులో పూర్తిగా చేర్చలేదు. మగవాళ్ళ కంట పడక ఇటు మళ్ళిందన్నట్టు మాట్లాడాడు. ఆయన భార్య ఈడిత్ కూడా స్త్రీలని ప్రేమించిన మనిషే. అంత దగ్గర్నించి చూసినవాడు కూడా ఆ చట్రంలోంచి బయటికి రాలేకపోయాడు. హాల్ నవలలోనూ అంతే. కథానాయిక స్టీఫెన్‌ది మగ పేరు, మగ తీరు. ఆమె ప్రేమించిన మేరీ ఆడతనం ఉట్టిపడే పిల్ల. చివరికి స్టీఫెనే మేరీని ఒక పురుషుడి చేతుల్లోకి నెట్టేస్తుంది. ఈ రెండో స్త్రీని గుర్తుపెట్టుకోండి. ఈ అధ్యాయమంతా ఆవిడ మనకి కనబడకుండానే తిరుగుతుంటుంది.

ముప్ఫైల నుంచి అరవైల దాకా అమెరికాలో బఫలో నగరంలోని బార్లకి వెళ్ళిన కార్మిక కుటుంబాల లెస్బియన్ల జ్ఞాపకాలని ఎలిజబెత్ కెనెడీ, మడెలీన్ డేవిస్ ఏళ్ళ తరబడి సేకరించి 1993లో పుస్తకంగా తెచ్చారు. అక్కడ రెండు వేషాలు స్పష్టంగా ఉండేవి. మగ చొక్కా, వెనక్కి దువ్విన జుట్టు బుచ్‌ది. లిప్‌స్టిక్, గౌను ఫెమ్‌ది. బుచ్ వీధిలో నడుస్తుంటే ఎవరికైనా తెలిసిపోయేది, దెబ్బలూ ఆమే తినేది. అయితే ఆమె అలా కనబడటం వల్లే ఆ ఊరికి కొత్తగా వచ్చిన పిల్లకి ఏ తలుపు తట్టాలో తెలిసేది. ఫెమ్ మాత్రం పక్కన బుచ్ ఉంటేనే ఎవరో తెలిసేది. ఒంటరిగా బస్సులో కూర్చుంటే ఆమె ఎవరికీ ఏమీ కాదు. డెబ్భైలలో స్త్రీవాదులు ఈ జంట వేషాలని కాదన్నారు, కానీ గళ్ళ చొక్కా, జీన్సు, బూట్లతో తమదైన మరో యూనిఫాం తయారుచేసుకున్నారు.

ఇదంతా చరిత్ర. ఇక ప్రయోగశాలలోకి వెళదాం.

చూడగానే పోల్చుకునే శక్తి నిజంగా ఉందా అని కొలిచిన తొలి ముఖ్య ప్రయోగాల్లో ఒకటి 1999 నాటిది, భారత సంతతికి చెందిన నళినీ అంబాడీ బృందం చేసింది. మనిషిని కొన్ని క్షణాలు చూసి మనం చేసే అంచనాలు ఎంతవరకు సరైనవి అన్నదే ఆమె జీవితకాలపు ప్రశ్న. కొందరిని వీడియో తీసి, మాట వినబడకుండా పది సెకన్ల ముక్క, ఒక సెకను ముక్క, కదలని ఫోటో అని మూడు రకాలుగా చూపించారు. వాళ్ళు ఎవరిని ప్రేమించే రకమో ఊహించమన్నారు. పది సెకన్ల వీడియోకి సుమారు 70 శాతం సరిగ్గా చెప్పారు. కదలని ఫోటోకి 55 శాతం దగ్గర ఆగిపోయారు. బొమ్మా బొరుసా వేసినా 50 శాతం వస్తుంది కాబట్టి ఆ 55 పెద్ద ఘనతేమీ కాదు. కదలిక చేరేసరికి అంచనా బలపడింది. ఇంకో సంగతి, ఫోటోలూ ఒక సెకను ముక్కలూ చూసి చెప్పడంలో గే, లెస్బియన్ వీక్షకులు మిగతావాళ్ళకంటే ముందున్నారు. అవసరం ఉన్న కన్ను ఎక్కువ చూస్తుంది.

ఆ తర్వాతి ఏళ్ళలో ఫోటోల ప్రయోగాలు గుప్పున వచ్చాయి. 2009లో నికొలస్ రూల్, అంబాడీ, మరొకరు కలిసి స్త్రీల ముఖాల మీద చేసిన పనిలో ముఖాన్ని 40 మిల్లీ సెకన్లు చూపించినా ఊహ కాకతాళీయం కంటే పైనే నిలిచింది. కన్నార్పడానికి పట్టే సమయంలో అది సగం కూడా ఉండదు. 2012లో జాషువా టబాక్, వివియన్ జయాస్ ఫేస్‌బుక్ ఫోటోల నుంచి జుట్టు తీసేసి ముఖాలు మాత్రం 50 మిల్లీ సెకన్లు చూపించారు. స్త్రీల ముఖాల విషయంలో 65 శాతం, పురుషుల విషయంలో 57 శాతం సరైన జవాబులు వచ్చాయి. ముఖాన్ని తలకిందులు చేసి చూపిస్తే స్త్రీలవి 61కి, పురుషులవి 53కి తగ్గాయి. ముఖంలో విడివిడి అవయవాలే కాకుండా వాటి అమరికని కూడా మెదడు పట్టించుకుంటోందని దాని అర్థం.

పత్రికలు ఈ 65ని ఎత్తుకుని, ఆడవాళ్ళ ముఖం చూస్తే తెలిసిపోతుందని రాశాయి. కాస్త ఆగి కాగితం, పెన్సిలు తీసుకుందాం.

ప్రయోగశాలలో చూపించే ముఖాల్లో సగం లెస్బియన్లవి, సగం కానివాళ్ళవి. వీధిలో అలా ఉండదు. మన ముందు నుంచి వెయ్యిమంది స్త్రీలు నడిచి వెళ్ళారనుకుందాం. లెక్క కోసం నూటికి ఐదుగురు స్త్రీలని ప్రేమించేవాళ్ళనుకుందాం. అంటే యాభైమంది. మిగతా తొమ్మిది వందల యాభైమంది కారు. మన కంటికి 65 శాతం శక్తి ఉంది. ఆ యాభైలో ముప్ఫై ముగ్గురిని సరిగ్గా పోల్చుకుంటాం, పదిహేడుమందిని పోగొట్టుకుంటాం. ఇంతవరకు ఫర్వాలేదు. మిగతా తొమ్మిది వందల యాభైమందిలో 35 శాతం మందిని, అంటే మూడు వందల ముప్ఫై పైచిలుకు స్త్రీలని, ఏ సంబంధమూ లేకపోయినా వేలెత్తి చూపిస్తాం. మొత్తం మనం చూపించినవాళ్ళు మూడు వందల అరవై ఐదుమంది. అందులో నిజమైనవాళ్ళు ముప్ఫై ముగ్గురు. పదకొండుసార్లు "ఈమే" అంటే పదిసార్లు తప్పన్నమాట.

మన కంటిచూపు అంతకంటే పదునైనదనుకుందాం. 80 శాతం శక్తి ఇద్దాం. ఏ ప్రయోగంలోనూ మామూలు జనం కదలని ఫోటోతో ఆ దరిదాపులకి రాలేదు, అయినా ఇద్దాం. నలభైమందిని సరిగ్గా పట్టుకుంటాం, నూట తొంభైమందిని తప్పుగా. ఆరింట ఐదు తప్పులు. అరుదైన రోగానికి ఊరందరికీ పరీక్ష చేస్తే ఎందుకు అన్ని తప్పుడు పాజిటివ్‌లు వస్తాయో చెప్పే లెక్క కూడా ఇదే. వైద్యులకి ఇది కాలేజీలో నేర్పుతారు. చూడగానే చెప్పేస్తానని చెప్పుకునేవాళ్ళకి ఎవరూ నేర్పరు. ఎందుకంటే పోగొట్టుకున్న పదిహేడుమంది ఎప్పుడూ వచ్చి "నన్ను నువ్వు పోల్చుకోలేదు" అని చెప్పరు. తప్పుగా చూపించిన మూడు వందలమందిని మనం అడగం. సరిపోయినవి మాత్రం కథలుగా చెప్పుకుంటాం.

ఫోటోల మీదే మరో పేచీ ఉంది. 2016లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో విలియం కాక్స్, పట్రీషియా డివైన్ మరో ఇద్దరితో కలిసి ఆ ప్రయోగాల్లో వాడే తరహా ఫోటోలనే పరీక్షకి పెట్టారు. డేటింగ్ సైట్ల నుంచి తీసుకున్న గే, లెస్బియన్ల ఫోటోలు మిగతావాళ్ళ ఫోటోల కంటే నాణ్యంగా, శ్రద్ధగా తీసినవిగా తేలాయి. నాణ్యతలో ఈ తేడా లేకుండా చూస్తే జనం ఊహ బొమ్మా బొరుసా స్థాయికి పడిపోయింది. అంటే వాళ్ళు ముఖాన్ని కాదు, ఫోటోని చదువుతున్నారు. అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా తేలింది. అలాంటి శక్తి నిజంగా ఉందని పరిశోధకులు ముందుగా ఎవరికి చెప్పారో, వాళ్ళు మూస అభిప్రాయాల మీద మరింతగా ఆధారపడ్డారు. ఉత్త పక్షపాతం కంటే, శక్తి అని పేరు పెట్టుకున్న పక్షపాతం ఎక్కువ దూరం పోతుంది. రూల్ బృందం దీనికి ఒప్పుకోలేదు, వాదన నడుస్తూనే ఉంది. నా మటుకు నాకు రెండు పక్షాల్లోనూ కొంత నిజం కనబడుతోంది. ముఖంలో ఏదో అతి చిన్న జాడ ఉండొచ్చు. అయితే దాని చుట్టూ మనం కట్టిన మేడ మాత్రం చాలా పెద్దది.

తర్వాత యంత్రాలు వచ్చాయి. 2017లో స్టాన్‌ఫర్డ్‌లో యీలున్ వాంగ్, మిహాల్ కొసిన్‌స్కీ ఒక అమెరికన్ డేటింగ్ సైట్‌లోని ఫోటోలతో కంప్యూటర్‌కి తర్ఫీదు ఇచ్చారు. ఒక లెస్బియన్, ఒక లెస్బియన్ కాని స్త్రీ, ఈ ఇద్దరి ఫోటోలూ పక్కపక్కన పెడితే ఎవరు ఎవరో యంత్రం 71 శాతం సార్లు సరిగ్గా చెప్పింది. ఒక్కొక్కరివి ఐదేసి ఫోటోలు ఇస్తే 83 శాతం. మనుషులు 54 శాతం దగ్గరే ఆగారు. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్ళంతా తెల్లవాళ్ళు. పుట్టకముందు తల్లి గర్భంలో పనిచేసిన హార్మోన్లు ముఖాన్ని తీర్చిదిద్దాయని రచయితలు ఒక వివరణ ఇచ్చారు. ప్రపంచమంతా గగ్గోలెత్తింది.

కొద్ది నెలల్లో బ్లేజ్ అగ్వేరా ఇ ఆర్కాస్, అలెగ్జాండర్ టొడొరోవ్, మార్గరెట్ మిచెల్ అనే ముగ్గురు చాలా సాదాసీదా పని ఒకటి చేశారు. యంత్రాన్ని పక్కన పెట్టి, ఎనిమిది వేల మంది అమెరికన్లని అవును-కాదు ప్రశ్నలు అడిగారు. మేకప్ వేసుకుంటారా? కళ్ళకి ఐషాడో పెట్టుకుంటారా? కళ్ళజోడు వాడతారా? ఇలాంటి కొన్ని ప్రశ్నల జవాబులతోనే యంత్రం చెప్పినంత దగ్గరగా ఊహించవచ్చని తేలింది. సగటున లెస్బియన్లు మేకప్ తక్కువ వేసుకుంటారు, కళ్ళజోడు దాచుకోరు. కెమెరా ఎత్తు విషయం ఇంకా సరదాగా ఉంటుంది. మగవాళ్ళని ఆకట్టుకోవాలనుకునే అమ్మాయి సెల్ఫీ తీసుకునేటప్పుడు ఫోను కాస్త పైకెత్తి పట్టుకుంటుంది. పై నుంచి తీస్తే కళ్ళు పెద్దవిగా, గడ్డం సన్నగా పడతాయి. అదే ముఖం సమానమైన ఎత్తు నుంచి తీస్తే దవడ వెడల్పుగా పడుతుంది. యంత్రం దాన్ని ఎముక అనుకుంది, అది మణికట్టు ఎత్తిన కోణం. ఎవరి కోసం ఫోటో దిగుతున్నామో దాన్నిబట్టి ఫోను పట్టుకునే తీరు మారుతుంది. యంత్రానికి కనబడింది ఆ తీరు.

మరి శరీరంలో అసలేమీ లేదా అంటే, అలా తోసెయ్యడానికీ లేదు. 2000లో మార్క్ బ్రీడ్‌లవ్ బృందం శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో వీధి సంబరాలకి వచ్చిన 720 మంది వేళ్ళ పొడవులు కొలిచింది. ఆడవాళ్ళకి సగటున చూపుడువేలు, ఉంగరపువేలు దాదాపు సమానంగా ఉంటాయి, మగవాళ్ళకి ఉంగరపువేలు కాస్త పొడవు. గర్భంలో పురుష హార్మోన్ల ప్రభావం దీనికి కారణమై ఉండొచ్చని ఒక అంచనా. లెస్బియన్ల కుడిచేతి కొలతలు సగటున మగవాళ్ళ వైపు కొద్దిగా జరిగినట్టు తేలింది. 2002లో ఆ పరిశోధకులలో కొందరు ఇంకో మెట్టు దిగి బుచ్‌లనీ ఫెమ్‌లనీ విడగొట్టి కొలిచారు. ఆ మగ వాలు బుచ్‌లలో కనబడింది, ఫెమ్‌లలో కనబడలేదు. కాబట్టి ఆ కొలతకి ఎంతో కొంత అర్థం ఉందనుకున్నా, అది స్త్రీని ప్రేమించడానికి సంబంధించిందా, మగ తీరుకి సంబంధించిందా? ఎల్లిస్‌ని తికమక పెట్టిన ఆ రెండో స్త్రీ ఇక్కడా వచ్చి లెక్క చెదరగొట్టింది. పైగా ఇవన్నీ సగటులు. రెండు గుంపుల కొలతలు చాలా మేరకు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. పరిచయమైన స్త్రీ చెయ్యి పట్టుకుని వేళ్ళు చూసి ఏమీ చెప్పలేం, చెయ్యి వదిలిపెట్టడం మర్యాద.

చిన్నతనం సంగతి కూడా ఇలాగే ఉంటుంది. 2008లో గెరూల్ఫ్ రీగర్, మైకేల్ బెయిలీ తదితరులు ఎదిగినవాళ్ళ దగ్గరున్న చిన్ననాటి ఇంటి వీడియోలు సేకరించి, ఎవరు ఎవరో తెలియనివాళ్ళకి చూపించారు. పెద్దయ్యాక లెస్బియన్లయినవాళ్ళు చిన్నప్పుడు సగటున మగపిల్లల తీరుకి కాస్త దగ్గరగా కనబడ్డారు. ఇది కొట్టిపారేయదగ్గ ఫలితం కాదు, మూస ఊహల వెనకాల కొంత నిజం ఉందనే చెబుతోంది. కానీ వెనక్కి తిప్పి చదివితే మళ్ళీ పాత లెక్కే అడ్డొస్తుంది. చెట్లెక్కి, గోలీలాడి, మోకాళ్ళు గీరుకున్న ఆడపిల్లలు లెక్కలేనంతమంది. వాళ్ళలో అత్యధికులు పెద్దయ్యాక పురుషులనే ప్రేమించారు, పెళ్ళాడారు. మగరాయుడు అనిపించుకున్న పిల్లని చూసి బెంగపెట్టుకునే అమ్మమ్మకి గణితం కొంత ఊరట ఇస్తుంది. ఆమె పక్కనే బుద్ధిగా బొమ్మలకి చీరలు కడుతున్న రెండో మనవరాలి గురించి మాత్రం గణితం ఏ హామీ ఇవ్వదు. మన సినిమాలు ఈ మగరాయుడి భయాన్ని ఎలా తీరుస్తాయో అందరికీ తెలిసిందే. ఫస్టాఫ్‌లో ప్యాంటు, బైకు, సెకండాఫ్‌లో లంగావోణీ, సిగ్గు. వేషం మార్చి మనసు మార్చినట్టు చూపించడం ఒక రకంగా క్రాఫ్ట్-ఎబింగ్ సిద్ధాంతమే, పాటలతో కలిపి.

పాశ్చాత్యుల గుర్తులు మన దేశానికి తెస్తే ఏమవుతుందో చూడాలి. ఇక్కడ ఇద్దరు స్త్రీలు చేతులు పట్టుకుని బజారులో నడిచినా, ఒకే మంచం మీద పడుకున్నా, ఒకరి జడ ఒకరు వేసుకున్నా ఎవరూ తలతిప్పి చూడరు. లండన్‌లో అనుమానం రేపేది మన దగ్గర అక్కచెల్లెళ్ళ ముచ్చట. దీపా మెహతా 'ఫైర్' సినిమా నిలబడిందే ఈ మరుగు మీద. ఢిల్లీలో ఒక మధ్యతరగతి ఉమ్మడి కుటుంబంలో ఇద్దరు తోడికోడళ్ళు. షబానా ఆజ్మీ, నందితా దాస్ ఆ పాత్రల్లో చీరలు కట్టుకుని, బొట్టు పెట్టుకుని వంటింట్లో తిరుగుతారు. ఇంట్లోవాళ్ళకి చాలాకాలం ఏ అనుమానమూ రాదు. 1998 డిసెంబరులో ముంబై, ఢిల్లీ థియేటర్ల మీద దాడులు జరిగాయి. ఆ కోపంలో ఒక పాలు ఆ చీరల మీదేనని నాకనిపిస్తుంది. క్రాపుతో, ప్యాంటుతో ఉన్న పాత్ర అయి ఉంటే అది పరాయి వ్యవహారమని నెట్టేయవచ్చు. మన వంటింట్లో, మన కోడలి వేషంలో ఉంటే ఎటు నెట్టాలి? దాడులకి నిరసనగా ఢిల్లీలో నిలబడిన స్త్రీల చేతుల్లో మేం భారతీయులం, లెస్బియన్లం అని చాటే అట్టలు కనబడ్డాయి.

క్రీడల్లో మాత్రం మూస మన దేశంలోనూ గట్టిగానే పనిచేస్తుంది. ఒడిశా పల్లెలో చేనేత కుటుంబంలో పుట్టి, హైదరాబాదులో శిక్షణ పొందిన పరుగుల రాణి ద్యుతీ చంద్ 2019 మేలో తానొక అమ్మాయిని ప్రేమిస్తున్నానని బాహాటంగా చెప్పింది. మన దేశంలో అలా చెప్పిన తొలి క్రీడాకారిణి ఆమె. అంతకు ఐదేళ్ళ ముందు, 2014లో, ఆమె రక్తంలో టెస్టోస్టిరాన్ ఎక్కువగా ఉందని పోటీల నుంచి తప్పించారు. ఆమె క్రీడా న్యాయస్థానానికి వెళ్ళి 2015 జూలైలో ఆ నిబంధనని పక్కన పెట్టించింది. ఈ రెండు సంగతులకీ ఒకదానితో ఒకటి పని లేదు. హార్మోను మోతాదు శరీరానికి చెందిన విషయం, ఆమె ఎవరిని ప్రేమించిందన్నది మరొకటి. కానీ పొట్టి జుట్టు, కండలు తిరిగిన కాళ్ళు, పరుగు, హార్మోను, అమ్మాయి మీద ప్రేమ, ఇవన్నీ ఒకే దండలో గుచ్చేసి "చూస్తేనే తెలియడం లేదూ" అన్నవాళ్ళకి కొదవ లేదు. జాకర్తా ఆసియా క్రీడల్లో ఆమెతో పాటు పరిగెత్తిన మిగతా అమ్మాయిల కాళ్ళూ అలాగే ఉన్నాయి.

మరి ఇన్ని అడ్డంకుల మధ్య స్త్రీలని ప్రేమించే స్త్రీలు ఒకరినొకరు ఎలా కనుక్కుంటున్నారు? ఇందాకటి లెక్కని ఇంకోసారి వేస్తే జవాబు అందులోనే దొరుకుతుంది. వీధిలో నూటికి ఐదుగురైతే పదకొండింట పది తప్పులు. అదే కన్ను, అదే 65 శాతం శక్తి, కానీ గదిలో ఉన్న వందమందిలో యాభైమంది అలాంటివాళ్ళే అనుకుందాం. ఇప్పుడు "ఈమే" అని మనం ఊహించిన ప్రతి మూడింటిలో రెండు నిజమవుతాయి. కన్ను పదునెక్కలేదు, గది మారింది. బఫలో బారు చేసింది ఆ పనే. ముంబైలో 1995లో మొదలైన 'స్త్రీ సంగం', కోల్‌కతాలో 1999లో మొదలైన 'సఫో' చేసిందీ అదే. ఒక పోస్టు బాక్సు నంబరు, ఒక ఫోను లైను, నెలకోసారి ఎవరింట్లోనో సమావేశం. లోపలికి వచ్చాక ఎవరి ముఖాన్నీ చదవాల్సిన పనుండదు. 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాలని నేరంగా చూసిన 377వ సెక్షన్‌ని సుప్రీంకోర్టు సడలించాక గదులు పెరిగాయి, ఫోన్లలో యాప్‌లు వచ్చాయి. పోలిక పట్టే పని ముఖం నుంచి చోటుకి మారిపోయింది. పెద్ద నగరాల్లో ఉన్నవాళ్ళకి అది దొరికింది. మండల కేంద్రంలో, చుట్టూ తెలిసిన ముఖాల మధ్య ఉన్న అమ్మాయికి ఇప్పటికీ కన్నే దిక్కు.

గది దొరికినా ఫెమ్ కష్టం తీరలేదు. 2015లో కెరెన్ బ్లెయిర్, రియా హాస్కిన్ ఇలాంటి స్త్రీల అనుభవాలు సేకరిస్తే, బయటివాళ్ళే కాకుండా తమవాళ్ళు కూడా తమని పోల్చుకోరని, అనుమానంగా చూస్తారని చాలామంది చెప్పారు. బ్రిటన్‌లో నిక్కీ హేఫీల్డ్ బృందం 2013లో ద్విలింగ ప్రేమికులైన స్త్రీలని అడిగితే, లెస్బియన్‌కి ఒక రూపం ఉందిగానీ మాకేదీ లేదన్నారు. దీనికి కొందరు కనిపెట్టిన పరిష్కారం చూస్తే, మొదట్లో చెప్పిన కారణం-ఫలితం వరస తిరగబడుతుంది. క్రాకవర్, రోజ్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో రాసిన ప్రకారం, తామెవరో బయటపెట్టుకున్నాక చాలామంది స్త్రీలు వేషం మార్చుకున్నారు. జుట్టు పొట్టి చేశారు, సుఖంగా ఉండే చెప్పులకి మారారు. క్రాపు చూసి లోపలి మనిషిని కనిపెట్టానని చూసేవాళ్ళు అనుకుంటారు. నిజానికి లోపలి మనిషే, నన్ను చూడండర్రా అని మంగలి కుర్చీలో కూర్చుంది.

ఇలాంటి గుర్తులకి ఆయుష్షు తక్కువ. ప్యాంటు నడుముకి తాళాల గుత్తి తగిలించే కారబీనర్ కొక్కెం, ఒక పక్క గీసేసిన జుట్టు, బొటనవేలి ఉంగరం, ఇవన్నీ ఒకప్పుడు కొందరికే తెలిసిన సంకేతాలు. తర్వాత బట్టల దుకాణాల అద్దాల్లోకి వచ్చాయి. అందరూ పెట్టుకునే గుర్తుకి సమాచారం విలువ సున్నా. అందుకే కొత్త తరం వస్తువు మీద కంటే మాట మీద ఎక్కువ ఆధారపడుతోంది. 2020 ప్రాంతంలో ఇంగ్లీషు మాట్లాడే అమ్మాయిల మధ్య ఒక ప్రశ్న చెలామణిలోకి వచ్చింది: "గర్ల్ ఇన్ రెడ్ పాటలు వింటావా?" ఆ పేరుతో పాడేది నార్వే గాయని మారీ ఉల్వెన్, అమ్మాయిల మీద ప్రేమ పాటలు రాస్తుంది. ప్రశ్న తెలిసిన అమ్మాయి నవ్వి అవునంటుంది. తెలియని అమ్మాయి ఎవరామె అని అడుగుతుంది, అప్పుడు పాటల గురించి మాట్లాడుకోవచ్చు. అడిగినామెకి నష్టం లేదు, విన్నామెకి ఇబ్బంది లేదు, పక్కన కూర్చున్న అన్నయ్యకి అసలేమీ తెలియదు.